చుక్క పడేది ఒక చోట, నీళ్లు దిగేది ఒక చోట

వాన పడితే రైతుకు సంతోషం. ఇల్లు కారే వాళ్లకు మాత్రం దిగులు. మబ్బు పట్టగానే గిన్నెలు, బకెట్లు వెతుక్కుంటారు. మంచం ఎటు జరపాలా అని చూస్తారు.

కొందరు "ఇల్లు కారుతోంది" అంటారు. కొందరు "ఉరుస్తోంది" అంటారు. మాట ఏదైనా బాధ ఒకటే.

మా నెల్లూరు వైపు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుపాన్లూ అప్పుడే ఎక్కువ. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అది దాటే లోపల మా వైపు కుండపోతగా వాన కురిసింది. ఆ రాత్రులు మా వీధి పెద్దమ్మకు నిద్ర లేదు.

ఆమె ఎవరికి పెద్దమ్మ? మా వీధిలో అందరికీ పెద్దమ్మే. వయసు అరవై దాటింది. మా రాత్రి బడికి వస్తుంది. మొదట సంతకం నేర్చుకుంది. తర్వాత బస్సు బోర్డు చదవడం నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని పేపరు కూడా చదువుతుంది. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఈ పాఠంలో ఆ పుస్తకానికి పెద్ద పని ఉంది.

పెద్దమ్మది మిద్దె ఇల్లు. 1980లలో కట్టింది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. కొడుకు చెన్నైలో పని చేస్తాడు. ఇంట్లో పెద్దమ్మ, కోడలు, పదేళ్ల మనవడు ఉంటారు.

గదిలో ఫాను కొక్కెం దగ్గర నీళ్లు కారేవి. మొదట తేమ మరక. తర్వాత చుక్కలు. ఆ తర్వాత ధార. ఒకసారి బియ్యం మూట తడిసి ముక్కిపోయింది. ఇంకోసారి మనవడి పుస్తకాలు తడిశాయి.

తుపాను రాత్రి మనవడు లైటు వేద్దామని స్విచ్చి నొక్కాడు. చెయ్యి జివ్వుమంది. కేక పెట్టి వెనక్కి పడ్డాడు. అదృష్టం బాగుంది. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి పెద్దమ్మకు భయం పట్టుకుంది. బియ్యం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. పిల్లవాడికి ఏమన్నా అయితే?

మేస్త్రిని పిలిచింది. అంతకు ముందే ఒకసారి మూడు వేలు ఇచ్చి బాగు చేయించింది. ఈసారి నాలుగు వేల ఐదు వందలు అయింది. రెండుసార్లూ మేస్త్రి ఫానుకు సరిగ్గా పైన మిద్దె మీద సిమెంటు పూశాడు. రెండుసార్లూ తర్వాతి వానకు మళ్లీ కారింది.

"మిద్దె మొత్తం కొత్తగా పూత వెయ్యాల. ముప్పై వేలు అయితది" అన్నాడు మేస్త్రి.

2024 అక్టోబరులో ఒక రాత్రి పెద్దమ్మ బడికి ఆలస్యంగా వచ్చింది. పలక ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"ఏంది పెద్దమ్మా, అట్టా ఉన్నావు?" అని అడిగాను.

"కమ్మలు కుదువ పెడదామనుకుంటా ఉండా టీచరమ్మా. మళ్లీ వానలు వచ్చేశాయి. ఇంక ఆగేదానికి లేదు."

"ఆగు పెద్దమ్మా. ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూద్దాం."

"చూసేదానికేముంది? ఫాను కాడే గదా కారేది?"

"చుక్క పడేది అక్కడ. నీళ్లు మిద్దెలోకి దిగేది కూడా అక్కడేనా?"

పెద్దమ్మ నా మొహం చూసింది. "ఏమో, అది నాకేం తెలుసు?" అంది.

నిజమే. అది నాకూ తెలీదు. మేస్త్రికీ తెలీదు. తెలుసుకోవాలంటే వెతకాలి. మా నాన్న తాపీ పని చేసేవాడు. సెలవుల్లో ఆయనకు ఇసుక అందిస్తూ నేను కొన్ని సంగతులు నేర్చుకున్నాను. అవే ఇక్కడ చెబుతున్నాను.

నీళ్లు ఎలా నడుస్తాయి?

ఒక చిన్న పని చేసి చూడండి. ఒక తాడును బాగా తడపండి. ఒక కొస పైకి, ఒక కొస కిందికి ఉండేలా వాలుగా పట్టుకోండి. పై కొసన కొంచెం కొంచెంగా నీళ్లు పోయండి. నీళ్లు చాలా వరకు తాడు వెంట జారుతాయి. కింది కొసన చుక్కగా పడతాయి. పోసింది ఒక చోట. పడింది ఒక చోట.

మిద్దెలో కూడా ఇలాగే జరుగుతుంది. మిద్దె ఒకే రాయి కాదు. అందులో పొరలు ఉంటాయి. అడుగున మనకు కనిపించే పూత ఉంటుంది. దాని పైన ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటు ఉంటుంది. కాంక్రీటు పైన ఇంకో సిమెంటు పొర ఉంటుంది. పాత మిద్దెలో ఈ పై పొర కొన్ని చోట్ల విడిపోతుంది. పై పొరలో పగులు ఉంటే నీళ్లు దిగుతాయి. రెండు పొరల మధ్య సందులో నడుస్తాయి. కింద కాంక్రీటులో ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటికి వస్తాయి.

ఇంకో దారి కూడా ఉంది. కొన్ని ఇళ్లలో మిద్దె పోసేటప్పుడే లోపల కరెంటు పైపు పెడతారు. గోడ నుంచి ఫాను దాకా ఆ పైపు వెళ్తుంది. పైపు మీద పగులు వస్తే నీళ్లు పైపులోకి దిగుతాయి. పైపు వెంట నడిచి ఫాను దగ్గర కారతాయి. కొన్నిసార్లు స్విచ్చి బోర్డు దాకా వెళ్తాయి.

అందుకే చుక్క పడే చోటికి సరిగ్గా పైన సిమెంటు పూస్తే ఒక్కోసారి ఫలితం ఉండదు. మేస్త్రి మోసం చేశాడని కాదు. ఆయన చుక్కను చూశాడు. దారిని చూడలేదు.

ముందు ఇంటిని అడగండి

ఇల్లు కారుతుంటే వెంటనే సిమెంటు కొనవద్దు. ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి. వాన లేని రోజు కూడా తడి ఉంటుందా? ఉంటే వాన నీళ్లు కాకపోవచ్చు. నీళ్ల తొట్టి, కుళాయి పైపు, స్నానాల గది చూడాలి.

రెండు. వాన మొదలవగానే కారుతుందా? చాలాసేపటి తర్వాత కారుతుందా? వెంటనే కారితే పగులు పెద్దదై ఉండవచ్చు. లేకపోతే దారి దగ్గరలోనే ఉండవచ్చు. ఆలస్యంగా కారితే నీళ్లు ఎక్కడో నిలిచి, మెల్లగా నడిచి వస్తున్నాయేమో చూడాలి.

మూడు. వాన ఆగిన తర్వాత కూడా కారుతుందా? కారితే మిద్దె మీద నీళ్లు నిలుస్తున్నాయేమో చూడాలి.

నాలుగు. గాలి వాన వచ్చినప్పుడే కారుతుందా? అలా అయితే పైకప్పు కంటే ముందు గోడను అనుమానించాలి. గాలి ఏ వైపు నుంచి కొడుతుందో ఆ వైపు గోడ, కిటికీ, సన్‌షేడు చూడాలి.

ఐదు. తడి ఎక్కడ ఉంది? పైకప్పులోనా, గోడ పైభాగంలోనా, గోడ అడుగునా? గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకే చెమ్మ ఉంటే అది నేల నుంచి ఎక్కే చెమ్మ కావచ్చు. దానికి మిద్దె మీద ఎంత సిమెంటు పూసినా లాభం లేదు.

ఈ ప్రశ్నలకు జవాబు ఒక్క వానతో రాదు. రెండు మూడు వానలు చూడాలి. చూసింది మరిచిపోతాం. అందుకే రాసుకోవాలి.

పెద్దమ్మ నోటుపుస్తకం

"రాయడమా? నేనా? తప్పులు వస్తాయి" అంది పెద్దమ్మ.

"వస్తే రానీ. నీ ఇల్లు, నీ పుస్తకం. ఎవరు దిద్దుతారు?" అన్నాను.

సుద్దముక్క ఒకటి ఇచ్చాను. తడి మరక చుట్టూ పైకప్పు మీద గీత గీసి, పక్కన తేదీ వేయమన్నాను. పైకప్పు పెద్దమ్మకు అందదు. కోడలు బల్ల ఎక్కి గీసింది. అది కూడా కరెంటు మెయిను ఆపేసిన తర్వాత, పట్టపగలు గీసింది. మరక పెరిగితే గీత దాటుతుంది. ఎటు వైపు దాటిందో చూస్తే నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కొంచెం తెలుస్తుంది.

పెద్దమ్మ తన పుస్తకంలో ఇలా రాసుకుంది:

అక్టోబరు 15. పొద్దున వాన. పెద్ద వాన. మొదలు కారలేదు. అన్నం వండే పొద్దుకి కారింది.

అక్టోబరు 16. రాత్రి వాన ఆగింది. తెల్లారి కూడా చుక్క పడతా ఉంది. గిన్నె నిండింది.

అక్టోబరు 22. చిన్న వాన. గాలి ఉంది. కారలేదు.

నవంబరు 13. వాన. మద్దేనం నుంచి కారింది. మరక తూరుపుకి పెరిగింది. గీత దాటింది.

ఈ నాలుగు రోజుల రాత చూసి మేము కూర్చుని మాట్లాడుకున్నాం. చిన్న వానకు కారలేదు. గాలి ఉన్నా కారలేదు. కాబట్టి కిటికీ, గోడ కాకపోవచ్చు. పెద్ద వానకు ఆలస్యంగా కారింది. వాన ఆగినా కారింది. కాబట్టి మిద్దె మీద నీళ్లు ఎక్కడో నిలుస్తున్నాయి. మరక తూర్పుకు పెరిగింది. కాబట్టి తూర్పు వైపు చూడాలి.

"నా రాతలో ఇంత ఉందా?" అంది పెద్దమ్మ.

మిద్దె ఎక్కి చూద్దాం

వాన లేని రోజు, నేల ఆరిన తర్వాత మిద్దె ఎక్కాం. నిచ్చెనను కింద ఒకరు పట్టుకున్నారు. పాచి ఉన్న చోట కాలు జారుతుంది. పాత చీపురు తీసుకెళ్లి ముందు అంతా ఊడ్చాం. చెత్త కింద పగులు కనిపించదు.

మిద్దె మీద చూడాల్సిన చోట్లు ఇవి:

వాన నీళ్లు బయటికి పోయే తూము. ఆకులు, మట్టి అడ్డం పడ్డాయా?

పిట్టగోడ, మిద్దె కలిసే మూల. అక్కడ సన్న పగులు ఉందా?

మొక్కలు. రావి, మర్రి మొక్కలు చిన్న పగులులో కూడా మొలుస్తాయి. వేరు పెరిగేకొద్దీ పగులు పెద్దదవుతుంది.

నీళ్ల తొట్టి దిమ్మె. దాని చుట్టూ తడి ఉందా?

పల్లం. ఆరిన మిద్దె మీద గుండ్రంగా మట్టి మరక కనిపిస్తే అక్కడ నీళ్లు నిలిచి ఎండాయని గుర్తు.

పెచ్చు విడిచిన చోటు. కర్రతో మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్న చోట ఒక శబ్దం వస్తుంది. పొర విడిచిన చోట డొల్ల శబ్దం వస్తుంది. పుచ్చకాయ తట్టి చూసినట్లే.

పెద్దమ్మ మిద్దె మీద తూర్పు మూలలో తూము ఉంది. పక్కింటి వేపచెట్టు ఆకులు దాన్ని పూర్తిగా మూసేశాయి. తూము పక్కనే జానెడు రావి మొక్క ఉంది. దాని మొదట్లో పిట్టగోడ వెంట వెంట్రుకంత పగులు ఉంది. చుట్టూ మట్టి మరక ఉంది.

ఫాను ఎక్కడుందో మిద్దె పైనుంచి కనిపించదు. అందుకని గదిలో తూర్పు గోడ నుంచి ఫాను దాకా పెద్దమ్మ మూరలు వేసింది. ఐదు మూరలు వచ్చింది. మిద్దె మీద కూడా అంతే కొలిచింది. ఫానుకు పైన మేస్త్రి పూసిన సిమెంటు ఉంది. పగులు అక్కడికి ఐదు మూరల దూరంలో ఉంది.

అనుమానం వచ్చింది. కానీ అనుమానం రుజువు కాదు. రుజువు కావాలంటే నీళ్లు పోసి చూడాలి.

నీళ్లు పోసి పరీక్ష

ఈ పరీక్ష వానలు ఆగి, మిద్దె బాగా ఆరిన తర్వాత చెయ్యాలి. మేము 2025 జనవరిలో చేశాం.

మొదట కరెంటు మెయిను ఆపాం. ఫీజు కూడా తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాం. పరీక్ష అయ్యేదాకా ఫీజు ఆమె దగ్గరే ఉంది.

పైన ఇద్దరం. కింద కోడలు. ఆమె చేతిలో బ్యాటరీ లైటు. చుక్క కనిపిస్తే కేక వెయ్యాలి.

ఈ పరీక్షలో ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. ఒకసారికి ఒక్క చోటే నీళ్లు పోయాలి. అంతటా పోస్తే ఏ చోటు తప్పో తెలీదు. ఇంకో నియమం. పోసిన తర్వాత కనీసం అరగంట ఆగాలి. నీళ్లకు నడిచే టైము ఇవ్వాలి. గోడకు పోసి చూసేటప్పుడు అడుగు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పైన ముందు పోస్తే నీళ్లు కిందికి జారి అన్ని చోట్లా తడుపుతాయి. లెక్క తప్పుతుంది.

మొదట ఫానుకు సరిగ్గా పైన, మేస్త్రి పూసిన చోట బంకమట్టితో చిన్న కట్ట కట్టాం. ఒక బిందె పోశాం. అరగంట ఆగాం. కింద చుక్క లేదు. మేస్త్రి పూత గట్టిగానే ఉంది. కాకపోతే అది పూయాల్సిన చోటు కాదు.

తర్వాత పడమటి పిట్టగోడ మూల. ఒక బిందె. అరగంట. చుక్క లేదు.

తర్వాత తూర్పు మూల, తూము దగ్గర. మట్టితో కట్ట కట్టి రెండు బిందెలు పోశాం. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. పెద్దమ్మ పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు.

ఇంతలో కింద నుంచి కోడలు కేక వేసింది. "అత్తా! ఫాను కాడ చుక్క పడింది!"

దారి దొరికింది. తూము దగ్గర నీళ్లు దిగుతున్నాయి. ఆ మూల మీదుగానే గోడ నుంచి ఫానుకు కరెంటు పైపు వెళ్తోంది. నీళ్లు ఆ పైపు పట్టుకుని ఐదు మూరలు నడిచి వస్తున్నాయి. పిల్లవాడి చెయ్యి ఎందుకు జివ్వుమందో అప్పుడు అర్థమైంది.

ఒక హెచ్చరిక. మిద్దె మీద ఎక్కువ నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయవద్దు. నీళ్లకు బరువు ఉంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చోట ఒక్క అంగుళం నీళ్లు నిలిస్తే దాదాపు 236 లీటర్లు. అంటే 236 కిలోలు. ఇంచుమించు ఐదు సిమెంటు బస్తాల బరువు. పాత మిద్దెకు అది భారం. బిందెలతో చిన్న చోట పోసి చూడటమే మంచిది.

మరమ్మతు

పెద్దమ్మ మళ్లీ ఆ మేస్త్రినే పిలిచింది. నోటుపుస్తకం చూపించింది. సుద్ద గీతలు చూపించింది. ఆయన మిద్దె ఎక్కాడు. మూల చూశాడు. దిగి వచ్చి, "నువ్వు చెప్పిందే నిజం పెద్దమ్మా. నేను ఆ మూల చూడలేదు" అన్నాడు. తప్పు ఒప్పుకునే పనివాడు దొరకడం కూడా అదృష్టమే.

ఆయన చేసిన పని ఇది:

తూములో ఆకులు, మట్టి అంతా తీశాడు.

రావి మొక్కను వేరుతో సహా తీశాడు. పైన విరిచేస్తే మళ్లీ చిగురిస్తుంది.

పగులు వెంట ఊడిపోయే సిమెంటు అంతా ఉలితో కొట్టి తీశాడు. పగులును పైన కొంచెం వెడల్పు చేశాడు. సన్న పగులు మీద ఊరికే పూస్తే సిమెంటు లోపలికి పోదు.

ఇనుప బ్రష్షుతో రుద్ది, దుమ్ము లేకుండా కడిగాడు.

సిమెంటు పాలు పోశాడు. దాని మీద ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి వేశాడు. నీళ్లు ఇంకకుండా ఉండే మందు కూడా ఆ మాలులో కలిపాడు.

పిట్టగోడ, మిద్దె కలిసే మూలను గుండ్రంగా దిద్దాడు. మూల గుండ్రంగా ఉంటే నీళ్లు ఆగకుండా జారిపోతాయి.

తూముకు ఇనుప జల్లెడ పెట్టాడు. ఇక ఆకులు లోపలికి పోవు.

ఆ తర్వాత ఏడు రోజులు తడి గోనె సంచి కప్పి ఉంచారు. కొత్త సిమెంటు ఎండకు తొందరగా ఆరితే మళ్లీ పగులుతుంది.

చివరగా కరెంటు పని తెలిసిన మనిషి వచ్చాడు. పైపు ఆరిన తర్వాత పాత వైర్లు తీసి కొత్తవి వేశాడు. ఆ పని మేము చేయలేదు. అది తెలిసినవాళ్లే చెయ్యాలి.

మేస్త్రి కూలి 1,200 రూపాయలు. సామాన్లు 600 రూపాయలు. కరెంటు పనికి 500 రూపాయలు. కమ్మలు పెద్దమ్మ చెవులకే ఉన్నాయి.

గోడ చెమ్మ సంగతి

పెద్దమ్మ ఇంట్లో పడమటి గోడ అడుగున కూడా చెమ్మ ఉంది. సున్నం ఉబ్బి రాలుతుంది. తెల్లటి ఉప్పు పూస్తుంది. అది కూడా మిద్దె నుంచే వస్తుందని ఆమె అనుకుంది.

కానీ ఆ చెమ్మ మూడు అడుగుల పైకి లేదు. ఎండాకాలంలో కూడా పూర్తిగా పోలేదు. నేలలో ఉన్న తడిని ఇటుక పీలుస్తుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్లే. గోడ పక్కనే అంట్లు కడిగిన నీళ్లు నిలుస్తున్నాయి. ఆ నీళ్లను కాలువ తీసి దూరంగా పంపించాం. చెమ్మ కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. పాత ఇంట్లో అన్నీ నయం కావు. కానీ ఏ చెమ్మ ఎక్కడిదో తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఎప్పుడు మన వల్ల కాదు?

పైకప్పు నుంచి పెచ్చులు రాలుతుంటే, ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికి కనిపిస్తుంటే, మిద్దె కిందికి వంగినట్లు ఉంటే ఆ గదిలో పడుకోవద్దు. ఇనుము తుప్పు పట్టితే ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అలాంటి మిద్దెను ఇంజనీరుకు చూపించాలి. దాని మీద నీళ్లు పోసి పరీక్ష చేయవద్దు.

ఫాను, లైటు, స్విచ్చి బోర్డు దగ్గర తడి ఉంటే వాటిని ముట్టుకోవద్దు. మెయిను ఆపాలి. మెయిను దగ్గరే తడి ఉంటే దాన్నీ ముట్టుకోవద్దు. లైన్‌మన్‌ను పిలవాలి.

వాన పడుతుండగా, ఉరుములు మెరుపులు ఉండగా మిద్దె ఎక్కవద్దు. అలాంటప్పుడు కింద గిన్నె పెట్టండి. పుస్తకంలో రాసుకోండి. అంతే చాలు.

తెలుసుకుందాం: బస్సు కారినా ఇదే లెక్క

పాత బస్సులో వాన నీళ్లు మన నెత్తి మీద పడితే, కంత మన నెత్తి మీదే ఉండాలని లేదు. రేకుల అతుకు దగ్గరో, కిటికీ రబ్బరు దగ్గరో నీళ్లు దిగుతాయి. లోపలి రేకు వెనక నడుస్తాయి. ఎక్కడో ఒక సీటు మీద పడతాయి.

అమెరికా, యూరపు దేశాల్లో కొందరికి చక్రాల మీద ఇళ్లు ఉంటాయి. బండిలోనే మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి ఉంటాయి. పాత బండ్లలో గోడల లోపల చెక్క ఉంటే, ఆ చెక్క తడిసి పైకి కనిపించకుండానే కుళ్లిపోతుంది. అక్కడ కూడా ఇలాగే వెతుకుతారు. వాన నీళ్లా, తొట్టి నీళ్లా అని ముందు తేల్చుకుంటారు. తర్వాత అడుగు నుంచి పైకి, ఒక్కొక్క అతుకు మీదా నీళ్లు పోసి చూస్తారు. మిద్దె అయినా బండి అయినా నీళ్ల గుణం ఒకటే.

మళ్లీ వాన

2025 అక్టోబరులో మళ్లీ పెద్ద వాన పడింది. పెద్దమ్మ రాత్రంతా మేలుకునే ఉంది. అలవాటు కొద్దీ ఫాను కింద గిన్నె పెట్టింది. తెల్లవారి గిన్నెలో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నోటుపుస్తకం తీసి రాసింది. రాత్రి బడిలో ఆ పేజీ నాకు చూపించింది. తేదీ కింద మూడు మాటలు ఉన్నాయి:

పెద్ద వాన. కారలేదు.

"తప్పులున్నాయా టీచరమ్మా?" అని అడిగింది.

ఒక్కటీ లేదు.

ప్రశ్నలు

1. మేస్త్రి రెండుసార్లు సిమెంటు పూసినా ఇల్లు ఎందుకు కారింది?
2. పెద్దమ్మ రాతలో ఏ మాటలు చూసి, మిద్దె మీద నీళ్లు నిలుస్తున్నాయని తెలిసింది?
3. ఒకసారికి ఒక్క చోటే నీళ్లు ఎందుకు పోయాలి?
4. గోడ అడుగు చెమ్మకు, పైకప్పు కారడానికి తేడా ఎలా తెలుస్తుంది?
5. ఫాను దగ్గర నీళ్లు కారుతుంటే మొదట ఏం చెయ్యాలి?

లెక్కలు

1. పెద్దమ్మ మొదట 3,000 రూపాయలు, తర్వాత 4,500 రూపాయలు ఖర్చు చేసింది. మొత్తం ఎంత?
2. చివరి మరమ్మతుకు 1,200, 600, 500 రూపాయలు అయింది. మొత్తం ఎంత? ముప్పై వేలలో ఎంత మిగిలింది?
3. ఒక మిద్దె పొడవు 20 అడుగులు, వెడల్పు 10 అడుగులు. తూము మూసుకుపోయి 3 అంగుళాల నీళ్లు నిలిచాయి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చోట ఒక అంగుళం నీళ్ల బరువు 236 కిలోలు. ఈ మిద్దె మీద ఎన్ని కిలోల బరువు ఉంది? అది ఎన్ని సిమెంటు బస్తాలకు దగ్గర? బస్తా 50 కిలోలు.

చేసి చూడండి

వానాకాలం రాకముందే మీ ఇంటి తూములో ఆకులు తీయండి. మీ ఇల్లు కారితే, ఒక కాగితం మీద తేదీ, వాన ఎంత, గాలి ఎటు, ఎప్పుడు కారింది, ఎప్పుడు ఆగింది అని రాయండి. మూడు వానలు రాశాక బడికి తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.

కొత్త మాటలు

తూము: మిద్దె మీది నీళ్లు బయటికి పోయే దారి
పిట్టగోడ: మిద్దె అంచున కట్టే చిన్న గోడ
పెచ్చు: ఊడి వచ్చే పూత ముక్క
చెమ్మ: గోడలో, నేలలో ఉండే తడి
సిమెంటు పాలు: సిమెంటును నీళ్లలో పల్చగా కలిపింది
రుజువు: నిజమని చూపించే గుర్తు